‘మనాది’ – శబ్దార్థ విచారము

తెలుగున దుఃఖవాచకములకు కొదువ లేదు. వగ, వగపు, వెత, అడలు, కుందు, పొగులు, దిగులు, బెంగ, గుబులు మున్నగునవి ఒక ప్రక్క. దుఃఖము, శోకము, విషాదము, వ్యథ, ఖేదము, సంతాపము మున్నగు తత్సమములు మరియొక ప్రక్క. నిఘంటువు తెరచినచో ‘వగపు’ అనగా దుఃఖమనియు, ‘దుఃఖము’ అనగా వగపనియు కానవచ్చును. ఇట్లు ఒకదాని యింటినుండి మరియొకదాని యింటికి పోయి, తిరిగి మొదటి గడపకే చేరుకొను పాఠకునకు పర్యాయపదములు లభించునే కాని అర్థభేదము లభింపదు. ఒకే అర్థమునకు జనులు ఇరువది మాటలను ఊరక మోయుదురా? మోయరు. ప్రతి మాటయు తనకు మాత్రమే చెల్లిన పనియొకటి చేయుచున్నందుననే బ్రతికి యుండును. ఈ విషయమును తెలంగాణపు పల్లెలలో మిక్కిలి వాడుకలో నున్న ‘మనాది’ అను శబ్దమును తీసికొని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని.

ఈ శబ్దము నాకు గ్రంథములలో దొరకినది కాదు. మాది పూడూరు ప్రాంతము. నేటి వికారాబాదు జిల్లాలో, హైదరాబాదునుండి బీజాపురము పోవు బాట ననుసరించి యున్న మండలమది. 2016 అక్టోబరు 11వ తేదీన వికారాబాదు జిల్లా ఏర్పడువరకు రంగారెడ్డి జిల్లాలో నుండెడిది. 1948 వరకు నిజాము పాలనలోను, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోను ఉండుటచేతను, పడమట తాండూరు దాటిన వెంటనే కన్నడసీమ తగులుటచేతను, ఇచ్చటి వారి నోట తెలుగుతో ఉర్దూ, కన్నడములు కలసిమెలసి యున్నవి. మనఃక్లేశమును తెలుపుటకు మా పెద్దలు వాడు మాటలు ప్రధానముగా ఐదు: బుగులు, రంది, ఫికరు, పరేషాను, మనాది. వీనిలో ఒకదానికి బదులు వేరొకటి చెప్పినచో మా అవ్వ వెంటనే దిద్దెడిది.

పదునెనిమిది సంవత్సరములకు పూర్వము నేను డాక్టరేటు పట్టమునకై సమర్పించిన సిద్ధాంతవ్యాసమున, మా ప్రాంతపు పదముల పట్టిక నొకదానిని అనుబంధముగా చేర్చితిని. అందు ‘మనాది: గ్రామ్యము, మనోవ్యాధికి వికృతరూపము, దుఃఖము’ అని యొక్క పంక్తిలో ముగించితిని. పరీక్షకులు ఆక్షేపింపలేదు. కాని ఆ పంక్తి తప్పుగా నున్నదని నాకు క్రమముగా తోచినది. దానిలో మూడు మాటలున్నవి. మూడింటిని గూర్చియు విచారింపవలసి యున్నది. మనాది దుఃఖమేనా? మనోవ్యాధినుండియే పుట్టినదా? పుట్టినను, గ్రామ్యమని త్రోసివేయ దగినదా?

మొదట అర్థమును చూతము. బుగులు అనగా భయము. చీకటిలో ఒంటరిగా పోవువానికి కలుగునది బుగులు. రంది అనగా కానున్న దానిని గూర్చిన ఆరాటము. వాన రాలేదని, అప్పు తీరలేదని, పిల్ల పెండ్లి కాలేదని పడునది రంది. ఆ పని తీరినచో రంది తీరును. ఫికరు, పరేషానులు ఉర్దూనుండి వచ్చినవి. మొదటిది అరబ్బీలో ఆలోచన యను అర్థము కలది. రెండవది పారసీకమున చెదరిన, కలవరపడిన అను అర్థము కలది. ఈ నాలుగింటికిని ముందు చూపు కలదు. ఏదియో జరుగునేమో యనియో, జరుగదేమో యనియో వీని భావము. మనాదికి ముందు చూపు లేదు. జరుగవలసినది జరిగిపోయినది, అది తిరిగి రాదు. అట్టిచోటనే మా వారు మనాది యందురు. ‘రంది వడకు, అయితది తియ్యి’ అని ఓదార్చవచ్చును. ‘మనాది వెట్టుకోకు బిడ్డా’ అని మాత్రమే బతిమాలవచ్చును; ‘అయితది’ అనుటకు వీలు లేదు.

ఇక దుఃఖశోకములతో దీనికి గల భేదమేమి? గ్రంథభాషలో దుఃఖము ఒక మనోభావము. మా పల్లెలలో ‘దుక్కం వచ్చింది’ అన్నచో కన్నీరు వచ్చినదని అర్థము. అట్లే ‘శోకం’ అనునది వ్యవహారమున గొంతెత్తి యేడ్చుట. చావు జరిగిన యింట ఆడువారు చనిపోయినవాని గుణములను వరుసగా తలచుచు రాగముతో ఏడ్చుటను ‘శోకం పెట్టుట’ యందురు. అది పదిమంది నడుమ జరుగు కార్యము. దానికొక వేళ, ఒక పద్ధతి కలదు. దినకర్మలు ముగియుసరికి శోకము ముగియవలెను. మనాది అప్పుడు మొదలగును. మనాది పట్టినవారు ఏడ్వరు. ఏడ్చినచో ఇరుగుపొరుగు వారు సంతోషింతురు, ‘ఏడిసింది, ఇగ బతుకుతది’ అందురు. తిండి సయింపకుండుట, నిదుర పట్టకుండుట, మాట తగ్గుట, ఒళ్ళు చిక్కుట, పిలిచినచో ఒక క్షణము ఆలస్యముగా పలుకుట – ఇవి మనాది లక్షణములు. దుఃఖము కంటికి, శోకము గొంతునకు, మనాది ఒంటికి సంబంధించినవని స్థూలముగా చెప్పవచ్చును.

నా బాల్యమున చూచిన దానినొకటి ఇచట చెప్పుదును. మా అవ్వకు చెల్లెలి వరుస అగు ఒకామె కొడుకు బొంబాయికి కూలికి పోయి అక్కడనే చనిపోయెను. దేహము కూడ ఇంటికి రాలేదు. శోకము పెట్టుటకు ఎదుట పీనుగు లేదు. ఆమె కొన్ని నెలలకు మంచము పట్టెను. పట్నమునకు తీసికొనిపోయిరి. రక్తము చూచిరి, ఫోటో తీసిరి. రోగమేమియు లేదని పంపివేసిరి. రోగము లేదని విని ఇంటివారు సంతోషించిరి. మా అవ్వ మాత్రము, ‘రోగం లేకుంటె మనాదే. ఇగ దక్కది’ అని పలికెను. ఆ మాట అట్లే జరిగెను. ఆనాడు నాకది మూఢవిశ్వాసముగా తోచెను. నేడు చూడగా మా అవ్వ చేసినది వైద్యులు చేయు రోగనిర్ణయమువంటిది. ఆమెకు దుఃఖమను పేరు సరిపోలేదు. రోగమను పేరును సరిపోలేదు. రెంటి నడుమ నున్న దానికి ఆమెవద్ద ఒక పేరు సిద్ధముగా నుండెను.

ఈ మాట పశువులకును చెల్లును. జోడెద్దులలో ఒకటి చచ్చినచో రెండవది మేత ముట్టకుండుటను ‘మనాది వెట్టుకున్నది’ అనియే యందురు. పశువునకు దుఃఖమున్నదనుటకు సందేహించువారును మనాది యున్నదనుటకు సందేహింపరు. కావున ఈ శబ్దమునందు దేహపక్షము ప్రధానమనుట స్పష్టము. నా పట్టికలోని ‘దుఃఖము’ అను అర్థము చాలదు.

ఇప్పుడు వ్యుత్పత్తి. మనాదికి మూలములుగా మూడింటిని ఊహింపవచ్చును: మనోవ్యథ, మనోవ్యాధి, మనస్సు–ఆధి. వీనిలో మొదటిది ఇతర తెలుగు ప్రాంతములలో వినవచ్చు ‘మనేద’ యను శబ్దమునకు చక్కగా సరిపోవును. మనేదయు మనాదియు ఒకే అర్థమున వాడబడుటచే ఒకే మూలమునుండి పుట్టినవనుకొనుట సులభము. కాని ధ్వనులు అందుల కంగీకరింపవు. మనేద అకారాంతము, మనాది ఇకారాంతము. ఒకదాని నడుమ ఏకారము, రెండవదాని నడుమ ఆకారము. ఈ భేదమునకు కారణము చెప్పనిదే రెంటిని ఒకటి చేయరాదు.

మూడవదియగు ‘ఆధి’ నన్ను చిరకాలము ఆకర్షించినది. అమరకోశమున ఆధికి మానసికవ్యథ యని యర్థము చెప్పబడినది. ఆధివ్యాధులని మనము జంటగా చెప్పునపుడు ఆధి మనస్సునకు, వ్యాధి దేహమునకు సంబంధించినవి. అంతేకాక అదే కోశపు నానార్థవర్గమున ఆధికి తాకట్టు అను అర్థము కూడ కలదు. ధర్మశాస్త్రములలో ఋణమునకు ప్రతిగా నుంచిన వస్తువు ఆధి. మనస్సును పోయినవారివద్ద తాకట్టు పెట్టి, విడిపించుకొనలేకుండుటయే మనాది యని వ్రాయుట కెంతయో ముచ్చటగా నుండును. నేనొక సభలో అట్లు చెప్పి మెప్పును పొందితిని కూడ. కాని ముచ్చటయైనదెల్ల సత్యము కాదు. మోనియర్ విలియమ్సు తన సంస్కృత నిఘంటువున (1899) ఈ రెండు ఆధులను వేరు చేసెను. తాకట్టు అను అర్థము కలది ‘ధా’ ధాతువునుండియు, మనోవ్యథ యను అర్థము కలది తలచుట యను అర్థము గల ‘ధ్యై’ ధాతువునుండియు వచ్చినవని ఆయన మతము. రూపసామ్యమును జూచి రెంటిని కలిపి అందమైన భావమును పుట్టించుట కవి చేయదగినది. వ్యుత్పత్తి చెప్పువాడు చేయదగినది కాదు.

ఆధి పక్షమునకు నేను చూపిన ప్రధానయుక్తి ఇది: మనోవ్యాధినుండి మనాది పుట్టినచో నడుమనున్న యకారము ఏమయినది? తెలుగున యకారము పోవునపుడు గుర్తు విడిచి పోవును. వ్యథ వెత యయినది, విద్య విద్దె యయినది, కన్య కన్నె యయినది, సంధ్య సందె యయినది. అన్నిట యకారము ఎకారముగా నిలిచియున్నది. మనాదిలో అట్టి గుర్తు లేదు. కావున అందు యకారము మొదటినుండియు లేదు. కావున మూలము ఆధియే యని నా వాదము.

ఈ వాదము పునాది యను మాటచే కూలిపోయినది. పునాది పారసీకమునందలి బునియాద్ శబ్దమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. అందలి యకారము తెలుగున ఏ గుర్తును విడువక లోపించినది. అన్యదేశ్యమును ప్రమాణముగా గొనరాదందురేని, న్యాయమును చూడుడు. మా పల్లెలలో ‘ఇది నాయమా?’ అందురు. న్యా యను అక్షరము నా యయినది. యకారమునకు జాడ లేదు. ఈ ఉదాహరణములను పై వానితో ప్రక్కప్రక్కన నుంచినచో ఒక నియమము కానవచ్చుచున్నది. హల్లు తరువాతి యకారముపై హ్రస్వమగు అకారమున్నచో రెండును కలసి ఎకారమగును: వెత, విద్దె, కన్నె, సందె. విద్యాదుల తుదిదీర్ఘము తెలుగున హ్రస్వమగుట ప్రసిద్ధమే కదా. యకారముపై దీర్ఘమగు ఆకారమున్నచో యకారము లోపించి ఆకారము నిలుచును: నాయము, పునాది.

ఇప్పుడు మన రెండు శబ్దములను ఈ నియమమున కొప్పగింతము. మనోవ్యథలో వ్యకారము హ్రస్వము. కావున అది వెకారమై, నడిమి వకారము లోపింపగా అచ్చులు కలసి మనేద యయినది. మనోవ్యాధిలో వ్యాకారము దీర్ఘము. కావున యకారవకారములు రెండును పోయి, ఆకారము నిలిచి, ధకారము ఒత్తు వీడి మనాది యయినది. ఒకే నియమము రెండు రూపములను, వాని భేదమును కూడ వివరించుచున్నది. మనేద, మనాదులు ఒకదాని కొకటి రూపాంతరములు కావు. వేర్వేరు తల్లుల బిడ్డలు. ఒకటి నొప్పినుండియు, మరియొకటి రోగమునుండియు పుట్టినది.

వాడుకయు ఈ నిర్ణయమునకే తోడ్పడుచున్నది. ‘మనోవ్యాధికి మందు లేదు’ అను సామెత తెలుగువారందరు ఎరిగినదే. మా ప్రాంతమున అదే సామెతను ‘మనాదికి మందు లేదు’ అందురు. ఒకే చోట ఒకదానికి బదులు మరియొకటి నిలుచుటచే జనులకు ఈ రెండును ఒకటే యను స్ఫురణ యున్నట్లు తెలియుచున్నది. ఇంకొక విషయము. ఆధి యనగానే మనఃపీడ యని యర్థము వచ్చుచుండగా దానికి ముందు మరల మనస్సును చేర్చుట పునరుక్తి. వ్యాధికి మనస్సును చేర్చుట పునరుక్తి కాదు. అదొక విశేషార్థమును తెచ్చును. కావున నా పట్టికలోని రెండవ మాట, అనగా మనోవ్యాధినుండి పుట్టినదనుట, సరియైనదే. ఆలోచింపక వ్రాసినది సరిపోయినది. ఆలోచించి చెప్పినది తప్పిపోయినది. దీనిని ఒప్పుకొనుటకు సిగ్గుపడ నక్కరలేదు.

ఇక గ్రామ్యత్వవిచారము. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) భాషను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని విభజించి, లక్షణవిరుద్ధమైన దానిని గ్రామ్యమనెను. పై విధమున మనాది ఒక నియమమునకు లోబడియే పుట్టినది. వ్యథనుండి వెత పుట్టుట కెంత లక్షణము కలదో, మనోవ్యాధినుండి మనాది పుట్టుటకును అంత కలదు. వెతకు కావ్యములలో పీట దొరకినది, మనాదికి దొరకలేదు, భేదమంతియే. అది తద్భవమే కాని గ్రామ్యము కాదు.

తెలుగున దుఃఖమును తెలుపు మాటలు ఏయే భావములనుండి పుట్టినవో చూచినచో మనాది విశిష్టత మరింత తెలియును. కొన్ని నిప్పునుండి పుట్టినవి. శోకము వెలుగుట, మండుట యను అర్థము గల ‘శుచ్’ ధాతువునుండి వచ్చినది. సంతాపము వేడియే. కుములుట నివురుగప్పిన నిప్పు మండుట. పొగులుట యనగనే పొగ స్ఫురించును. కొన్ని దిగబడుటనుండి పుట్టినవి. విషాదమునందలి ‘సద్’ ధాతువునకు కూలబడుట యను అర్థము కలదు. గీతారంభమున అర్జునుడు విల్లు విడిచి రథముపై కూలబడుటను ఈ మాట చక్కగా చూపును. క్రుంగుట యిట్టిదే. వ్యథకు మూలార్థము చలించుట, వణకుట. చింతకు మూలార్థము ఆలోచన. ఇందు చింతయు అరబ్బీ ఫికరును ఒకే బాట నడచినవి. దుఃఖమునకైతే మూలము బండి యిరుసునందున్నదని కొందరు చెప్పుదురు. ఇరుసు రంధ్రము చక్కగా నున్న రథము సుఖము, లేనిది దుఃఖము. దిగులు తమిళమున ‘తిగిల్’, కన్నడమున ‘దిగిలు’ అయి భయమునే తెలుపుచుండ, తెలుగున భయమును దాటి దుఃఖము దాక వచ్చినది. నిప్పు, పతనము, వణకు, ఆలోచన, భయము – ఇవి యన్నియు దుఃఖమునకు ఉపమానములు. మనాదిలో ఉపమానము లేదు. అది వ్యాధి యని నేరుగా చెప్పుచున్నది.

మన అలంకారశాస్త్రమునకు ఈ విషయము తెలియనిది కాదు. శోకము కరుణమునకు స్థాయిభావము. విషాదము, చింత, దైన్యము, వ్యాధి, జడత, మరణము మున్నగునవి ముప్పదిమూడు వ్యభిచారిభావములలోనివి. విప్రలంభమున దశావస్థలను చెప్పునపుడు అభిలాషతో మొదలుకొని వ్యాధి, జడత, మరణములవరకు ఒక క్రమమును చూపిరి. మనసునందలి క్లేశము దేహమునకు దిగి ప్రాణమువరకు పోవునను మాట ఇందున్నది. చరకసంహిత సూత్రస్థానమునను రోగమును వృద్ధిచేయువానిలో విషాదమును ముఖ్యముగా చెప్పిరి. అయినను కావ్యశాస్త్రము ఈ క్రమమును నాయికానాయకులకే యిచ్చినది. కొడుకు పోయిన కూలితల్లికి, జోడు పోయిన ఎద్దునకు దానిని ఇచ్చినది పల్లెమాట.

వైద్యశాస్త్రమును చూతము. గ్రీకులు నల్లపిత్తము హెచ్చుటచే కలుగునని తలచిన మెలాంకోలియా యునానీ వైద్యముద్వారా మాలీఖూలియాయై మన దేశమునకు వచ్చినది. 1917లో ఫ్రాయిడు తన వ్యాసమున సహజశోకమును, మెలాంకోలియాను వేరుచేసి చూపెను. శోకము రోగము కాదనుట ఆనాటి తలపు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగవర్గీకరణపు పదునొకండవ కూర్పు 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినప్పుడు, ఆప్తులు పోయిన తరువాత ఆరునెలలకు మించి మనిషిని పట్టి పీడించు దీర్ఘశోకమును ఒక ప్రత్యేక రుగ్మతగా చేర్చిరి. అదే సంవత్సరము మార్చిలో అమెరికా మానసికవైద్యుల గ్రంథమును దానిని చేర్చినది. పెద్దలకు పండ్రెండు నెలల గడువును పెట్టినది. మా అవ్వకు ఈ విషయము ముందే తెలియునని గొప్పలు చెప్పుట నా యుద్దేశము కాదు. మనాది దీర్ఘశోకరుగ్మతతో సరిగా సమానము కాదు. ఊరు విడిచినవారికి, మానము పోయినవారికి కూడ మనాది యందురు. కాని శోకమునకును రోగమునకును నడుమ ఒక స్థానము కలదనుట, దానికొక పేరు కావలెననుట, ఈ రెంటిలోను సమానముగా నున్నవి.

నేటి పత్రికలు ఈ స్థానమున ‘కుంగుబాటు’ అను మాటను వాడుచున్నవి. పట్టణములలో ‘డిప్రెషన్’ అనియే యందురు. కుంగుబాటు మంచి తెలుగే. ఆంగ్లపదమునందలి అణగద్రొక్కుట యను భావమునకు దగ్గరగా కూర్చిన మాట. దానిని నిందింపను. కాని పూడూరునుండి చికిత్సకై వచ్చిన ముదుసలిని ‘నీకు కుంగుబాటు ఉన్నదా?’ అని అడిగినచో ఆమె లేదనును. ‘దుఃఖముగా నున్నదా?’ అని అడిగినచో, ఏడ్చుట లేదు గనుక, దానికిని లేదనును. ‘మనాది వట్టిందా అవ్వా?’ అని అడిగినచో తలయెత్తి చూచును. శబ్దార్థనిర్ణయము పండితుల కాలక్షేపమనుకొనువారు ఈ ఒక్క ఉదాహరణమును తలపోయుదురుగాక. ఒక మాట తెలియకపోవుటచే ఒక మనిషి బాధ లేనిదిగా వ్రాయబడును.

కావున నా పూర్వవ్యాసపు పంక్తిని ఈ విధమున సవరించుచున్నాను. మనాది: తద్భవము, మనోవ్యాధి శబ్దమునుండి పుట్టినది; తిరిగిరానిదానిని గూర్చి, ఏడ్పు లేక, దేహమును క్షీణింపజేయు చిరకాలవేదన; మనుష్యులకును పశువులకును చెల్లును; మనేద యను శబ్దముతో మూలమున సంబంధము లేనిది. ఇట్లే రంది, బుగులు, బెంగ, గుబులు మున్నగు వానిని గూర్చియు, అవి బ్రతికియున్న ఊళ్ళలో వాడుకను కనిపెట్టి వ్రాయవలసి యున్నది. ఆ మాటలను ఒకదానికొకటి బదులు వాడని పెద్దలు ఇంకను కొందరున్నారు. మా విద్యార్థులు సెలవులలో ఇండ్లకు పోయినపుడు వారివద్ద కూర్చుండి, తప్పు మాట వాడి, వారిచే దిద్దించుకొని రావలెనని కోరుచున్నాను.